చైర్మన్ సారు చెప్పిన బేస్‌బాల్

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ క్యూలో నిలబడి బెల్టు విప్పుతున్నప్పుడల్లా నాకు ఒక ముసలాయన గుర్తొస్తాడు. చిక్కడపల్లి మూల మీద చాయ్ దుకాణం ముందు, ప్లాస్టిక్ స్టూలు మీద నిటారుగా కూర్చుని, చూపుడు వేలు పైకెత్తి, "నన్నడిగితే" అంటాడు. ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. నాకు తెలిసినంతలో ఒక్కరోజు తప్ప ఆయన్ని జీవితంలో ఎవరూ ఏదీ అడగలేదు. అయినా ఆయన మాట ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలయ్యేది.

"నన్నడిగితే, ఎయిర్‌పోర్టుల బెల్టు ఇప్పిచ్చినట్టు అసెంబ్లీ గేటు కాడ కండువ ఇప్పియ్యాలె. ఒక రంగుతోని లోపలికి పోతున్నరు, ఇంకో రంగుతోని బయటికొస్తున్నరు. మిషన్ల వెట్టి చూస్తె ఒక్కొక్కని అంగి లోపల ఎన్ని కండువలు మడతవెట్టి ఉన్నయో తెలుస్తది."

చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వు రాక కాదు, కుళ్ళు.

ఆ కుళ్ళుకు కారణం చెప్పాలి. నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కరెంట్ అఫైర్స్ చెబుతాను. జిల్లాల నుంచి వచ్చి, గదికి నలుగురు చొప్పున హాస్టళ్ళలో సర్దుకుని, గవర్నమెంటు ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి చదివే పిల్లలు నా శిష్యులు. మైకు పెట్టుకుని మూడు గంటలు గొంతు చించుకుంటాను. ముందు బెంచీలో కూడా ఆవలింతలే. క్లాసు వదలగానే అదే పిల్లలు రెండు సందులు దాటి పోయి, ఆ ముసలాయన చుట్టూ చేరి, నోళ్ళు తెరుచుకుని వినేవారు. నేను చెప్పేది సిలబస్. ఆయన చెప్పేది అభిప్రాయం. ఆ రెండింటిలో దేనికి రుచి ఎక్కువో ఎవరికైనా తెలుసు.

మనిషి చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండడు. అరవై దగ్గర పడ్డ వయసు. జుట్టుకు రంగు వేసేవాడు గానీ చెవుల వెనక వేయడం మరిచిపోయేవాడు. అందువల్ల ముందునుంచి చూస్తే నలభై, వెనకనుంచి చూస్తే డెబ్బై. తెల్ల చొక్కా, మడత నలగని ఇస్త్రీ, జేబులో ఒక పెన్ను. ఆ పెన్నుతో ఆయన ఏదైనా రాయగా నేను చూడలేదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కాళ్ళ మధ్య ఒక గుడ్డ సంచీ. ఎంత మాటల్లో పడ్డా మోకాళ్ళు ఆ సంచీని వదిలేవి కావు.

పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చేవాడు. దుకాణంలో పేపరు తీసుకుని వెనక పేజీ నుంచి మొదలుపెట్టేవాడు. ముందు ఆటలు, తర్వాత సినిమాలు, చివరికి రాజకీయం. "పండ్లు తోముకున్నంకనే చాయ్ తాగుతం కద, గట్లనే" అనేవాడు. పౌనా చాయ్, అంటే ముప్పావు కప్పు, సాసర్‌లో పోసుకుని ఊది, ఒక్క గుక్కలో తాగి, అప్పుడు వేలెత్తేవాడు.

"నన్నడిగితే, టీవీల చర్చ పెట్టినప్పుడు నలుగుట్ల ముగ్గురి మైకులు బందు వెట్టాలె. మాట్లాడేటోనిది కాదు, ఇనేటోళ్ళది. ఇనుడు రానోనికి మాట్లాడే హక్కెక్కడిది?"

"నన్నడిగితే, నోటిఫికేషన్ ఎలక్షన్ల ముంగట వస్తది, పరీక్ష ఎలక్షన్లయినంక వాయిదా పడ్తది. గీ రెండిటి నడుమ పుట్టిందే అశోక్‌నగర్."

ఆయన ఎవరో, ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. ఆ చొక్కా, ఆ పెన్ను చూసి రిటైరైన తహసీల్దారని ఒకరన్నారు, కాదు ఏదో కమిషన్‌లో సూపరింటెండెంటు అని మరొకరన్నారు. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. చివరికి పిల్లలే ఒక పదవి ఇచ్చుకున్నారు, చైర్మన్ సార్ అని.

ఆ పేరుకు కారణం ఆయన మాక్ ఇంటర్వ్యూలు. సర్కారు గ్రూప్స్ పరీక్షలకు ఇంటర్వ్యూలు ఎత్తేసి చాలా కాలమైంది. ఆ సంగతి చెప్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "సర్కారు ఎత్తేస్తె ఎత్తేసింది, నేను ఎత్తెయ్యలే" అనేవాడు. రెండు స్టూళ్ళు ఎదురెదురుగా వేయించి, ఒకదాని మీద తను బోర్డులా కూర్చుని, రెండోదాని మీద ఎవరో ఒక పిల్లగాణ్ణి కూర్చోబెట్టేవాడు. మిగతావాళ్ళంతా చుట్టూ ప్రేక్షకులు. అక్కడ ఆయన నోట్లో కత్తి ఉండేది. అయిదోసారి పరీక్ష రాస్తున్న ఒక కుర్రాడితో జరిగింది నాకు బాగా గుర్తుంది.

"డిప్యూటీ కలెక్టర్ నీకెందుకు కావాలె?"

"ప్రజలకు సేవ చేద్దామని సార్."

"అబద్ధం. ఊర్ల నీ తోటోడు ఎవడో జీపెక్కిండు. ఎవడు?"

కుర్రాడు నేలచూపులు చూశాడు. "మా బావ, సార్. ఎస్సై అయిండు."

"ఆఁ. వాని జీపు కంటె పెద్ద జీపు కావాలె నీకు. గది చెప్పు, మార్కులేస్త. కాని నీకు రాదు బిడ్డా. నీ రాత చూసిన. కోడి గీకినట్టున్నది. పేపరు దిద్దేటోడు మొదటి పేజీకే నిన్ను ఇంటికి తోలుతడు."

ఆ కుర్రాడు రెండు రోజులు గది దాటి రాలేదని విన్నాను. ఆయనకు అలా ఏడిపించడంలో సరదా ఉండేది, అందులో అనుమానం లేదు. పిల్లలు మాత్రం మర్నాడు మళ్ళీ ఆ స్టూలు కోసం తోసుకునేవారు. అందరికీ చివర్లో ఒకటే పాఠం చెప్పేవాడు. "బోర్డు ముందల అబద్ధమాడొద్దు. తెల్వకుంటె తెల్వదను. సిగ్గయితె సిగ్గయితుందను. అబద్ధానికి వాసనుంటది, బోర్డుకు తెలిసిపోతది. లేచేటప్పుడు థ్యాంక్స్ చెప్పి, కుర్చీ దాని జాగల పెట్టి రా."

ఒకరోజు వాన. పిల్లలంతా దుకాణం రేకు కింద ఇరుక్కుని నిలబడ్డారు. నేను గోడ పక్కన చాయ్ తాగుతున్నాను. పేపరు వెనక పేజీలో ఎక్కడో చిన్న వార్త, ఏదో దేశంలో బేస్‌బాల్ మ్యాచ్ గురించి. ఒక పిల్ల, జనగామ వైపు నుంచి వచ్చిన పిల్ల, అదేం ఆట సార్, క్రికెట్ లాంటిదేనా అని అడిగింది. నిజంగా ఎవరో ఆయన్ని ఒక ప్రశ్న అడగడం నేను చూసింది ఆ ఒక్కరోజే. ఆయన 'నన్నడిగితే' అనకుండా మొదలుపెట్టాడు.

"క్రికెట్ కాదు బిడ్డా. క్రికెట్ల ఓడినోడు ఇంటికి పోతడు. బేస్‌బాల్ల గెలిచినోడే ఇంటికి పోతడు. బంతి కొట్టే జాగనే ఇల్లంటరు. కొట్టి ఉరకాలె. నడుమ మూడు మెట్లుంటయ్. ఒకటి, రెండు, మూడు దాటి మళ్ళ ఇంటికి చేరితెనే ఒక పరుగు. మూడో మెట్టు దాంక ఉరికి అక్కడ అవుటయినోనికి ఏమొస్తదో ఎర్కేనా? సున్నా. మొదటి మెట్టు కాడ అవుటయినోనికి కూడ సున్ననే. కాని మూడో మెట్టు మీద నిలవడ్డోనికి ఇల్లు కనవడ్తుంటది. గదే బాధ." చుట్టూ ఒకసారి చూశాడు. "ప్రిలిమ్స్ ఒక మెట్టు. మెయిన్స్ ఒక మెట్టు. సర్టిఫికెట్ల తనిఖీ ఒక మెట్టు. గప్పుడు కోర్టు స్టే ఇస్తది. గీ అశోక్‌నగర్ల ఉన్నోళ్ళు ఎవరు? ఇల్లు కనవడ్తుంటె మూడో మెట్టు మీద నిలవడి ఉన్నోళ్ళు."

ఆ పిల్ల చున్నీతో కళ్ళు తుడుచుకుంది. నా గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. ఇరవై ఏళ్ళ నా పాఠాల్లో ఒక్క మాట కూడా ఇలా తగల్లేదు. ఈ ఆట ఎక్కడ చూశారు సార్ అని ఎవరో అడిగితే, "ఎయిర్‌పోర్టుల ఒక ఆడపిల్లల టీం కలిసింది" అన్నాడు. క్యూలో ఆయన ముందు నిలబడ్డ జట్టేమో అనుకున్నాం.

ఆ వారంలోనే ఆ మాటను నేను క్లాసులో చెప్పాను. బోర్డు మీద మూడు మెట్లు గీశాను, ఇల్లు గీశాను, గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికించాను. ఎవరో ఫోన్లో తీశారు. నాలుగు రోజుల్లో అది అశోక్‌నగర్ దాటింది, నారాయణగూడ దాటింది, ఊళ్ళలో ఆ పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలోకి కూడా చేరింది. నేను బేస్‌బాల్ సార్‌ని అయ్యాను. గోడల మీద నా పోస్టర్లు, చేతిలో బ్యాటుతో. ఆ బ్యాటు ఫోటోగ్రాఫర్ తెచ్చాడు. పెద్ద సెంటర్లు కబురు పెట్టాయి. ఇరవై ఏళ్ళుగా రానిది ఒక్క మాటతో వచ్చింది. అది నాది కాదని తెలిసినవాళ్ళు ఓ ఇరవై మంది ఉన్నారు, వాళ్ళు కూడా చప్పట్లే కొట్టారు. మంచి మాట ఎక్కడ పుట్టిందని ఎవరూ ఆరా తీయరు, మైకు ఎవరి దగ్గరుందో చూస్తారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున పాల ప్యాకెట్ల కోసం నారాయణగూడ చౌరస్తా దాకా నడిచాను. ఏదో ఏజెన్సీ బస్సు వచ్చి ఆగింది. అందులోంచి బూడిదరంగు యూనిఫామ్‌లో, ఛాతీ మీద మెరిసే పట్టీతో, మెడలో ట్యాగుతో చైర్మన్ సార్ దిగాడు. అటూ ఇటూ చూసి పక్కనున్న సర్కారు మరుగుదొడ్డిలోకి దూరాడు. పది నిమిషాల తర్వాత బయటికి వచ్చినప్పుడు ఆయన మీద తెల్ల ఇస్త్రీ చొక్కా ఉంది, జేబులో పెన్ను ఉంది, సంచీ ఉబ్బి ఉంది. నడక కూడా మారిపోయింది. ఇంకా అక్కడే ఆగి ఉన్న బస్సు డ్రైవర్‌ని వీళ్ళెవరని అడిగాను. "ఎయిర్‌పోర్టుల ట్రేలు నూకుతరు సార్" అన్నాడు.

ఆయన నన్ను చూడలేదు. చూసిందాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. జాలి పడి కాదు, ఎప్పుడో పనికొస్తుందని దాచుకున్నాను.

పనికొచ్చింది. మరో వారానికి చాయ్ దుకాణం గోడ మీద కూడా నా పోస్టరు అంటించారు. జిగురు ఇంకా ఆరలేదు. పిల్లలు పాతికమంది దాకా ఉన్నారు. ఎవరో కొత్త కుర్రాడు నన్ను చూసి, "సార్, మీ బేస్‌బాల్ మాట మా నాయనకు ఇనిపిచ్చిన సార్, ఏడ్చిండు" అన్నాడు. ముసలాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోపంగా కూడా అనలేదు, మరిచిపోయినవాడికి గుర్తు చేసినట్టు అన్నాడు.

"ఆ మాట నేను చెప్పిన కద సార్. వానొచ్చిన దినం. మీరు గా గోడ కాడ నిలవడి చాయ్ తాగుతున్నరు."

పాతిక తలలూ నా వైపు తిరిగాయి. నా పోస్టరు నా వెనకే ఉంది. అవును ఆయనదే అంటే సరిపోయేది. నా ఉద్యోగం పోయేది కాదు, పోస్టరు కూడా చిరిగేది కాదు. బేస్‌బాల్ సార్ అన్న పేరు మాత్రం పోయేది. ఆ పేరు వదులుకోవడం నా వల్ల కాలేదు.

"చైర్మన్ సార్, రోజూ మీరే బోర్డయితే ఎట్లా? ఇవాళ మీకు మాక్ ఇంటర్వ్యూ. కూర్చోండి. నేను బోర్డు" అన్నాను.

పిల్లలు ఈలలు వేశారు. ఆయన కొంచెం నవ్వాడు కూడా. ఎదుటి స్టూలును చేతిరుమాలుతో తుడిచి, తను నేర్పినట్టే నిటారుగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సంచీని స్టూలు కిందికి జరిపాడు. నేను ఆయన స్టూలు మీద కూర్చున్నాను.

"ప్రస్తుతం తమరు ఏం చేస్తున్నారు?"

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. నా కళ్ళలోకి చూశాడు. నాకు తెలుసని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. రిటైరయ్యానని చెప్పొచ్చు. ఇంట్లోనే ఉంటున్నానని చెప్పొచ్చు. అబద్ధం చెప్తాడనే నేను అనుకున్నాను. దాని మీద అడగాల్సిన రెండో ప్రశ్న సిద్ధంగా ఉంది. చాయ్ పోసేవాడు కూడా చెయ్యాపి చూస్తున్నాడు.

"శంషాబాద్ ఎయిర్‌పోర్టుల ట్రేలు నూకుత సార్. తనిఖీ అయినంక ఖాళీ ట్రేలు మళ్ళ మొదటికి తెచ్చి పెట్టాలె. కాంట్రాక్టు. పదకొండేండ్లాయె."

మొదట ఎవరో ఒక్కడు కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ పిల్లల తండ్రులు కూలీలు, హమాలీలు, ఆటో డ్రైవర్లు. అయినా నవ్వారు. అశోక్‌నగర్‌లో కాంట్రాక్టు అన్న మాటకు వాళ్ళు పడే భయం అలాంటిది. ఇన్నాళ్ళూ ఆ నోట రాళ్ళు పడ్డట్టు మాటలు పడ్డవాళ్ళు మరీ గట్టిగా నవ్వారు. కోడి గీకుడు రాతవాడు తొడలు చరుచుకున్నాడు.

"ఎన్నిసార్లు విమానం ఎక్కారు?"

"ఎక్కలే సార్."

"బేస్‌బాల్ ఎన్నిసార్లు చూశారు?"

"చూడలే సార్. ఆడపిల్లల టీం ఒకటి బ్యాట్లు పట్టుకొని తనిఖీ దాంక వచ్చింది. బ్యాట్లు లోపలికి పోనియ్యలే. వాళ్ళ సారు గవి లగేజీల ఏసొచ్చేదాంక పిల్లలు అక్కడ నిలవడ్డరు. గీ ఆటేంది బిడ్డా అని అడిగిన. చెప్పిన్రు."

"అంటే ఎవరో చెప్తే విన్న మాట. మీది కాదన్నమాట."

అబద్ధం చెప్పకూడదు కదా. "ఆట నాది కాదు సార్" అన్నాడు.

"నాక్కావలసింది అదే" అని పిల్లల వైపు తిరిగాను. "వందకు ఎన్ని వేద్దాం?"

"సున్నా" అని అరిచారు. జనగామ పిల్ల ఒక్కతే అరవలేదు, తల దించుకుని పోయింది. ఆయన లేచి, "థ్యాంక్యూ సార్" అన్నాడు. స్టూలు ఎత్తి దాని జాగాలో పెట్టాడు. సంచీ తీసుకుని బాగ్ లింగంపల్లి వైపు నడిచాడు. మళ్ళీ ఆ మూల మీదికి రాలేదు. చాయ్ పోసేవాడు నా గ్లాసు తీసుకుంటూ, "గట్ల చెయ్యకపోయేదుండె సార్" అన్నాడు. ఆ రోజు నాకు బాధ కలగలేదు. హాయిగా అన్నం తిన్నాను, సాయంత్రం క్లాసులో మూడు మెట్లూ మళ్ళీ గీశాను.

కిందటి నెల విశాఖపట్నంలో ఏదో కాలేజీలో మాట్లాడాలని పిలిస్తే బయల్దేరాను. తనిఖీ అయింది. ట్రేలోంచి ఫోన్ తీసుకున్నాను. ఒక చేత్తో జారుతున్న ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో బెల్టు కోసం చూస్తుంటే, ట్రేలు ఎత్తుతున్న మనిషి నా వైపే చూస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. అదే బూడిదరంగు యూనిఫాం.

"మీరు బేస్‌బాల్ సార్ కద?"

అవునన్నాను. ముఖం వెలిగిపోయింది వాడికి.

"మా దగ్గర ఒక పెద్దాయన ఉండె సార్. గదే ముచ్చట చెప్పెటోడు. మూడు మెట్లు, ఇల్లు. మీ వీడియో ఫోన్లల్ల వచ్చినంక మేం వదల్లే ఆయనను. సారు మాట కొట్టేసి నీదని చెప్తున్నవా ముసలోడా అని రోజు ఎక్కిరించేది. కొన్ని దినాలు నాదే నాదే అన్నడు. ఎవ్వరు నమ్మలే. ఆఖరికి, 'అవునయ్యా, సారుదే, సారు దగ్గర్నే ఇన్న' అని ఒప్పుకున్నడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయిండు సార్. మొన్న ఎండకాలం. డ్యూటీకొస్తుంటె బస్సులనే, కూసున్న సీట్లనే. దిగే జాగ వచ్చినా లేస్తలేడని చూస్తె..." ట్రే మీద ట్రే పెడుతూ ఆగాడు. "ఒక్క మాట సార్. నాకు మనసుల ఉండిపోయింది. ఆయన నిజంగ మీ దగ్గర్నే ఇన్నడా? లేకుంటె మేం ఊకెనే సతాయించినమా?"

వెనక జనం పెరుగుతున్నారు. జవాను ముందుకు నడవమని చేయి ఊపాడు. వాడు మాత్రం నా నోటి వైపే చూస్తున్నాడు. నిజం చెప్తే ఆ తనిఖీ గదిలో దాన్ని వినేవాడు వాడొక్కడే. అశోక్‌నగర్ దాకా అది పోయేది కూడా కాదు.

"నా దగ్గరే" అన్నాను. "నా స్టూడెంటే."

"బతికిచ్చిన్రు సార్" అన్నాడు. "ముసలోని ఉసురు తగుల్తదేమో అని బుగులుండె."

నా బెల్టు తీసి చేతికిచ్చి, ఖాళీ అయిన నా ట్రేను మిగతా ట్రేల మీద పెట్టి, మొత్తం దొంతరను మళ్ళీ మొదటికి తోసుకుంటూ పోయాడు.